లావాపై మొలచిన పగడపు తోట

జాజికాయ నెరుగని తెలుగు ఇల్లు అరుదు. పసిబిడ్డ కడుపునొప్పితో గుక్కపట్టి యేడ్చిన రాత్రి ఇంటిలోని పెద్దామె సానరాతిపై రెండు చుట్లు అరగదీసి చనుబాలతో నాకించెడిది ఆ కాయయే. విందు భోజనమైన పిమ్మట తాంబూలములో జాపత్రితో కూడి వచ్చునదియు నదియే. ఇప్పుడు మన బజారులో దొరకు జాజికాయ చాలవరకు కేరళపు తోటలలో పండినది. మూడు వందల యేండ్లకు పూర్వము మాత్రము ప్రపంచమున ఏ మూల నెవరు దానిని వాడినను, అది ఒకే యొక చిన్న దీవుల గుంపునుండి రావలసి యుండెను. ఆ గుంపు పేరు బాందా. నేటి ఇండొనీషియా దేశపు తూర్పు భాగమున, సేరం అను పెద్ద దీవికి దక్షిణముగా 140 కిలోమీటర్ల దూరమున, ఏడు వేల మీటర్లకు మించిన అగాధములు గల సముద్రము నడుమ ఆ దీవులు తలలెత్తి యున్నవి.

17వ శతాబ్దమున డచ్చి వర్తకులు మచిలీపట్నమున కోఠీ వేసికొని, మన నేతగాండ్ర బట్టలు కొని ఓడల కెత్తించి, ఆ బట్టలతో మలుకు దీవుల సుగంధద్రవ్యములను మార్చుకొనుచుండిరి. 1621లో వారు బాందాను కత్తితో గెలిచిరి. అచ్చటి జనులలో అధిక భాగము చంపబడిరి, తక్కినవారు పారిపోయిరి, లేదా బానిసలైరి. ఆ దారుణ చరిత్ర వేరొక ప్రసంగమునకు తగినది. నేడు మేము చెప్పదలచినది ఆ దీవుల నడుమ నిలిచిన ఒక కొండను గూర్చియు, ఆ కొండ పాదమున సముద్రగర్భమున జరిగిన ఒక వింతను గూర్చియు. ఆ వింతను చూచుటకు మనుష్యుడు ఏ విధముగా నీట దిగుచున్నాడను దానిని గూర్చియు.

ఆ కొండను గునుంగ్ ఆపి యందురు. అక్కడి భాషలో గునుంగ్ అనగా కొండ, ఆపి అనగా నిప్పు. మన భాషలో నిప్పుకొండ యనుటయే. ఆరు వందల మీటర్లకు పైబడిన ఎత్తుతో, గోపురము వలె సముద్రమునుండి నిటారుగా లేచినది. దాని కెదురుగా, సన్నని జలసంధి కావల, నైరా అను దీవిపై ఊరున్నది. ఊరివారు ప్రొద్దున తలుపు తీసిన కొండయే కనబడును. 1901లో ఒకమారు పేలిన పిమ్మట అది చిరకాలము నిద్రించెను. జనులు దాని వాలున తోటలు వేసికొని కాపురముండిరి.

1988 మే 9వ తేదీన కొండ మేలుకొన్నది. బూడిద ఆకాశమున కెగసెను. కొందరు ప్రాణములు కోల్పోయిరి. కొండ దీవి వారిని, ఎదుటి నైరాలోని వారిలో అనేకులను పడవలపై తరలించిరి. కొండ ప్రక్కలు చీలి, కరగిన రాయి నల్లని నాలుకల వలె వాలునుబడి దిగి సముద్రమును చేరెను. ఇంచుమించు వేయి డిగ్రీల వేడిగల రాయి ఉప్పునీటిని తాకునప్పుడు ఏమగునో ఊహించుకొనవచ్చును. ఆవిరి పైకి లేచును. రాతి పైపొర గడ్డకట్టి పగులును. ఆ పగుళ్ళనుండి లోని ద్రవము మరల చిమ్మి, మరల గడ్డకట్టును. ఆ త్రోవలో నున్న పగడపు దిబ్బలు సమూలముగా కప్పబడిపోయినవి. పైనుండి చూచినవారికి మిగిలినది బొగ్గు వంటి ఒక నల్లని గట్టు మాత్రమే.

అది ఎంత కాలమునకు పచ్చబడునని అడిగిన, అంతవరకు నున్న శాస్త్రజ్ఞానము ఆశాజనకమైన సమాధానము నీయలేదు. హవాయి దీవులలో సముద్రమున కలిసిన లావాలను పరిశీలించి గ్రిగ్, మరగోస్ అను ఇరువురు 1974లో వెల్లడించినదేమనగా, అలల తాకిడి గల చోట పగడములు మరల నిండుటకు 20 సంవత్సరములు పట్టును, మరుగైన చోట 50 సంవత్సరములకు మించి పట్టును అని. బాందాకును ఇట్టి లెక్కయే వర్తించునని యెవరైనను తలచుట సహజము.

1993లో, అనగా కొండ పేలిన ఐదేండ్లకు, పరిశోధకులు ఆ లావా మీదికి దిగి చూచిరి. నల్లరాయి కనబడలేదు. మరుగైన ఉత్తరపు వైపున రాతిలో నూటికి అరువది వంతులకు మించి సజీవమైన పగడములచే కప్పబడి యుండెను. లెక్కింపగా 124 జాతులు తేలినవి. బల్ల వలె పరచుకొని పెరుగు ఒక రకపు పగడములలో కొన్ని 90 సెంటీమీటర్లకు మించిన వెడల్పు గలిగి యుండెను. టొమాస్చిక్, వాన్ వోసిక్, మా అను ముగ్గురు 1996లో ఈ సంగతిని ప్రకటించిరి. మధ్యనుండి అంచు వరకు 45 సెంటీమీటర్లు. ఐదేండ్లలో అంత యనగా యేటికి 9 సెంటీమీటర్లు. రాయి చల్లారుటకును, బిడ్డపగడము వచ్చి అంటుకొనుటకును పట్టిన కాలమును తీసివేసిన, వేగము ఇంకను ఎక్కువయే. అదే సముద్రమున బండ వలె గుండ్రముగా పెరుగు పగడములు యేటికి ఒక సెంటీమీటరు పెరుగుటయే గొప్ప.

ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. పగడమనగానే మన స్త్రీలకు మెడలోని ఎఱ్ఱని పూసల దండ గుర్తుకు వచ్చును. ఆ నగల పగడము వేరు. అది ప్రధానముగా మధ్యధరా సముద్రపు లోతులనుండి వచ్చునది. దిబ్బలు కట్టు పగడము దానికి దూరపు చుట్టము. అది చెట్టు కాదు, రాయియు కాదు. బియ్యపుగింజ మొదలు బొటనవ్రేలి వరకు పరిమాణము గల మెత్తని జంతువులు వేలకొలది గుమిగూడి, తమ అడుగున సున్నపురాయిని స్రవించి, దానినే ఇల్లుగా చేసికొని యుండును. వాని శరీరములలో కంటికి కానరాని నాచుకణములు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారము తయారుచేసి, అద్దె క్రింద తమ యింటివారికి చెల్లించును. ఆ అద్దెపైననే పగడపు సంసారము నడచును. అందుచే వెలుతురు చొరని మురికినీటిలో దిబ్బ పెరుగదు. కృష్ణా గోదావరులు ప్రతి వానకాలమున మోసికొనివచ్చు ఒండ్రుతోను మంచినీటితోను మన తీరపు జలము కలకబారుటచే, అట్టి దిబ్బలు మనకు లేకపోయినవి. బదులుగా మనకు డెల్టా వచ్చినది. దానికి విచారింప నవసరము లేదు.

పగడపు బిడ్డ పుట్టినప్పుడు ఇసుకరేణువంత యుండి ఈదగలదు. కొన్ని దినములు ప్రవాహముతో కొట్టుకొనిపోయి, కదలని గట్టి నేలను వెదకికొని, దానిని అంటుకొనును. ఒకమారు అంటుకొన్న తరువాత జీవితాంతము అదియే దాని స్థలము. ఇప్పుడు లావాను తలచుకొనుడు. గట్టిది, గరుకైనది, పగుళ్ళతో గుంటలతో నిండినది, కదలదు. పైగా పాత కాపులెవ్వరును లేరు: నాచు లేదు, స్పాంజి లేదు, స్థలమునకై పోట్లాడు ముసలి పగడము లేదు. చుట్టు స్వచ్ఛమైన లోతునీరు, ప్రక్కనే లావా తాకని సజీవమైన దిబ్బలు, వానినుండి వచ్చు బిడ్డల ప్రవాహము. నిప్పు చేసినది కొత్తగా దున్ని చదును చేసిన పొలము వంటిది. విత్తనము పొరుగువారి చేలనుండి వచ్చినది.

ఇది కేవలము ఊహ కాదనుటకు ఆ కొండయే సాక్ష్యమిచ్చినది. అదే పేలుడులో కొన్ని ప్రక్కల కరగిన రాయి గాక, వదులైన బూడిదయు గులకయు సముద్రములో పడినవి. అదే నీరు, అదే ఎండ, అవే పొరుగులు. అయినను ఆ గులక వాలులపై పగడము నూటికి ఐదు వంతులైన పట్టలేదు. అలకు దొర్లిపోవు రాతిని అంటుకొన్న బిడ్డ దానితోడనే దొర్లి నలిగిపోవును. కనుక పగడమునకు శత్రువు అగ్ని కాదు, నిలకడలేని నేల. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. దీనితో మరల పని యున్నది.

లావా సముద్రతీరమున దిగుట మన దేశము ఎరుగని సంగతియు కాదు. రాజమహేంద్రవరమునకు ఇరు ప్రక్కల, కాతేరు వద్దను పంగిడి వద్దను, రోడ్లకు కంకర కొట్టు నల్లరాయి ఇంచుమించు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట గడ్డకట్టిన లావాయే. దాని రెండు పొరల నడుమ సున్నపురాతి పట్టీ యున్నది. అందులో ఉప్పునీటి గుల్లల శిలాజములు దొరకినవి. అనగా ఒక లావా వచ్చి చల్లారిన పిమ్మట, రెండవది వచ్చులోపల, సముద్రజీవులు ఆ చోట కాపురము చేసినవన్నమాట. పంగిడి కంకరపై నడచుచు ఈ సంగతి నెందరు తలచుకొందురో మే మెరుగము.

ఇక ఆ బాందా లావాను మనుష్యుడు చూచుట యెట్లు? ఊపిరి బిగబట్టి మునుగువాడు ఒకటి రెండు నిమిషములకు మించి నిలువలేడు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో అను నౌకాధికారియు, గాన్యాఁ అను ఇంజనీరును కలసి ఒక ఉపకరణమును సిద్ధపరచిరి. యుద్ధకాలమున పెట్రోలు కరవై గ్యాసుతో నడిచిన మోటారుకార్లకు గాన్యాఁ ఒక కవాటము చేసియుండెను. ఇంజనుకు కావలసినప్పుడు కావలసినంత గ్యాసు నిచ్చి, తక్కినప్పుడు మూసికొనుట దాని పని. ఇంజను స్థానమున మనిషి ఊపిరితిత్తులను ఉంచిన అదే నేటి స్కూబాకు మూలము. వీపున గాలి సిలిండరు, నోట రెగ్యులేటరు, కన్నులకు అద్దము, పాదములకు రబ్బరు తెడ్లు, ఒంటికి గాలి నింపుకొనను విడువను వీలైన ఒక కోటు, నడుమునకు సీసపు బరువులు. ఇంతియే సామగ్రి.

ఆ సిలిండరును పత్రికలవారు తరచుగా ఆక్సిజన్ సిలిండరని వ్రాయుచుందురు. మా వార్తలలోను ఆ తప్పు ఒకటి రెండు మారులు దొరలినది. అందుండునది మనము పీల్చు మామూలు గాలియే, అదిమి నింపబడినది. శుద్ధమైన ఆక్సిజన్‌ను పీల్చుచు ఆరు మీటర్ల లోతు దాటినవాడు మూర్ఛ వచ్చి మునిగిపోవచ్చును. ప్రాణవాయువే అచ్చట విషమగును.

ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు, చేయని పనిని చెప్పుట మర్యాద కాదని తలచి, మేము విశాఖపట్నమున ఒక ఈతకొలనులో శిక్షకుని వద్ద ఒక పూట పాఠము నేర్చితిమి. నాలుగడుగుల నీటిలో మోకాళ్ళపై కూర్చుండి తల ముంచి మొదటి ఊపిరి పీల్చవలెను. మనస్సు ఒప్పినను రొమ్ము ఒప్పలేదు. నలువదేండ్లకు పైగా నీటిలో తల ముంచినప్పుడెల్ల ఊపిరి బిగబట్టిన అలవాటు ఒక క్షణములో పోవునా? మేము బిగబట్టి కూర్చుంటిమి. శిక్షకుడు మా కన్నుల ఎదుట అరచేతిని ముందునకు వెనుకకు మెల్లగా ఆడించుచు, పీల్చుము, విడువుము అని సైగచేసెను. చివరకు పీల్చితిమి. చెవులలో మా ఊపిరియే సముద్రపు హోరు వలె వినబడినది. పైకి వచ్చిన పిమ్మట ఆయన, "ఏమండీ, ఈ పనిలో సూత్రములు వంద యున్నవి, మొదటిది మాత్రము ఇదే. ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు" అనెను.

ఎందుకు? నీటి బరువు ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడిని అదనముగా చేర్చును. పైన ఒక బుడగలో రెండు లీటర్ల గాలి యున్నచో, పది మీటర్ల లోతున అది ఒక లీటరగును, ముప్పది మీటర్ల లోతున అర లీటరే. దీనిని తలక్రిందుగా చూడుడు. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండ గాలి పీల్చి, నోరు మూసికొని పైకి తేలినవానికి ఆ గాలి రెండింతలగును. ఊపిరితిత్తులు రెండింతలు కాలేవు, చిరుగును. ఇందుకు పెద్ద లోతు అక్కరలేదు. మనిషి యెత్తు లోతైనను చాలును. కనుకనే భయపడి ఊపిరి బిగబట్టి పైకి పరుగెత్తినవాడే ఎక్కువగా చెడును.

గాలి లెక్కయు ఈ ఒత్తిడితోనే ముడిపడి యున్నది. 12 లీటర్ల సిలిండరులో 200 రెట్లు అదిమి నింపిన గాలి 2400 లీటర్లు. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి ఒడ్డున అది రెండు గంటలు వచ్చును. ఇరువది మీటర్ల లోతున ప్రతి ఊపిరియు మూడింతలు చిక్కనిదగుటచే 40 నిమిషములే. అందులో నాల్గవ వంతు ఆపద్ధర్మముగా నిలువ యుంచవలెను గనుక, చూచుటకు మిగులునది అరగంట. కంగారుపడువాడు దానిలో సగమునకే ముట్టించును.

ఇంకొక ప్రమాదము గలదు. దానిని వివరించుటకు మన గోలీసోడాను మించినది లేదు. గోలీ బిగిసియున్నంతసేపు సీసాలోని నీరు నిశ్చలముగా నుండును. లోని వాయువు ఒత్తిడిచే నీటిలో కరగి యున్నది. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి బుడగలు పొంగును. లోతున నున్న మనిషి రక్తములోను కండరములలోను గాలిలోని నైట్రోజన్ ఇట్లే కరగును. అతడు తటాలున పైకి వచ్చిన, కీళ్ళలో, వెన్నులో, మెదడులో బుడగలు లేచును. కీళ్ళనొప్పితో పోవచ్చును, పక్షవాతము రావచ్చును, ప్రాణమే పోవచ్చును. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హాల్డేన్ తన సహచరులతో కలసి మేకలను ఒత్తిడి గదిలో ఉంచి పరీక్షించి, అంచెలంచెలుగా పైకి వచ్చుటకు పట్టికలను 1908లో ప్రకటించెను. నేటి నియమములు వానికి మనుమలు. నిమిషమునకు తొమ్మిది పది మీటర్లకు మించక పైకి రావలెను. ఐదు మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగవలెను. దిగిన దినమున విమానమెక్కరాదు. సోడాను పొంగకుండ త్రాగవలెనన్న గోలీని మెల్లగా నొక్కుచు కొంచెము కొంచెముగా వాయువును విడుతుము కదా, అదే ఇది.

ఇంత తెలిసికొన్న పిమ్మట, నైరా రేవునుండి చిన్న పడవ నెక్కి, జలసంధి దాటి, లావా దిగిన చోటికి మనము పోవుదము. ఒడ్డున ఇప్పటికిని నల్లని రాతి గట్టు మొరటుగా కనబడును. నీరు ఇంచుమించు 28 డిగ్రీలు, వెచ్చనిది. తల మునిగిన వెంటనే చెవులలో నొప్పి మొదలగును. ముక్కు పట్టుకొని మెల్లగా ఊదిన చెవి తెరచుకొనును. దిగినకొలది ప్రతి మీటరునకు ఒకమారు ఇట్లు చేయవలెను. ఒప్పని చెవితో దిగుట మూర్ఖత.

రంగులు ఒక్కొక్కటిగా సెలవు తీసికొనును. మొదట పోవునది ఎరుపు. పది మీటర్ల లోతున కుంకుమ బొట్టు కాటుక చుక్క వలె నుండును. చేతిదీపము వేసిన మరల ఎరుపగును. శబ్దము మాకు మరింత ఆశ్చర్యకరము, మా వృత్తి అదియే గనుక. నీటిలో శబ్దము గాలిలో కంటె నాలుగింతల వేగముతో పోవును. రెండు చెవులకు అది ఒకే క్షణమున చేరినట్లుండుటచే ఏ దిక్కునుండి వచ్చినదో తెలియదు. పడవ ఇంజను తలపై నున్నదో, వెనుక నున్నదో చెప్పలేము. రేడియో తరంగములైతే ఉప్పునీటిలో అంగుళములలో అణగిపోవును. మా కేంద్రము వినబడని ప్రదేశములలో ఇది యొకటి. మాట లేదు గనుక సంభాషణ అంతయు చేతులతోనే. బొటనవ్రేలు పైకెత్తిన "బాగున్నది" అని అర్థము కాదు, "పైకి పోవుదము" అని. బాగున్నదనుటకు చూపుడువ్రేలిని బొటనవ్రేలితో కలిపి చుట్టవలెను.

అప్పుడు కనబడును పగడపు తోట. పెండ్లి పంక్తిలో విస్తళ్ళు పరచినట్లు బల్లపగడములు ఒకదాని అంచుపై నొకటి, మెట్లు మెట్లుగా లోతునకు దిగుచుండును. నడుమ లేడికొమ్ముల వంటివి, క్యాబేజీ రేకుల వంటివి. నారింజవన్నె చిరుచేపలు మేఘముల వలె లేచి, మన నీడ పడగానే కొమ్మలలో దూరును. నీలపు ట్రిగ్గరు చేపలు కన్నములలో తల దూర్చుకొని, తోకలు మాత్రము బయట విడిచి, తాము దాగితిమనుకొనును. ఎచ్చటనో ఒక పగుళ్ళ నడుమ వ్రేలెడంత నల్లరాయి కనబడును. అది చూచినప్పుడే ఈ తోట అంతయు దేనిపై నిలిచియున్నదో గుర్తుకు వచ్చును. 1993 తరువాత చాల యేండ్లు గడచినవి. 2010 తరువాతి సంవత్సరములలో దిగినవారును అచ్చట దట్టమైన పగడములనే చూచిరి.

ఇక్కడ దేనిని తాకరాదు. కోటులోని గాలిని హెచ్చించి తగ్గించి, తేలక మునుగక నీటి నడుమ వ్రేలాడుటయే స్కూబా విద్యలో కష్టమైన భాగము. అది చేతగానివాడు కాలి తెడ్డును ఒకమారు విసరిన, కొన్ని యేండ్లుగా పెరిగిన బల్లపగడము అంచు విరిగిపోవును. చేయి ఆనించి నిలువబోయినవానికి లావా గరుకుదనమును, సముద్రపు ముళ్ళపందుల సూదులును తగిన బుద్ధి చెప్పును. కాని పగడమునకు ఆ పాటి ఆయుధము లేదు.

విరిగిన పగడమును గూర్చి తలచునప్పుడు, ముందు గుర్తుంచుకొమ్మన్న సంగతి మరల వచ్చును. ఇండొనీషియా జలములలో చేపలకై మందుగుండు పేల్చుట చట్టవిరుద్ధమైనను చాల కాలము సాగినది. ఒక పేలుడుకు చచ్చిన చేపలు తేలును, దిబ్బ ముక్కలై గులకయగును. ఆ గులక ప్రవాహమునకు దొర్లుచుండును. దానిపై వచ్చి పడిన బిడ్డపగడములు బూడిద వాలుపై నలిగినట్లే నలుగును. దశాబ్దములు గడచినను అట్టి చోటులు చాలవరకు శ్మశానములుగానే యుండుట చూచినారు. కొండ చేసిన విధ్వంసము ఐదేండ్లలో పూడినది; పిడికెడు మందుగుండు చేసినది పూడలేదు. అగ్నిపర్వతము గట్టి నేలను మిగిల్చి పోయెను, మనిషి గులకను మిగిల్చి పోయెను.

రెండవ ప్రమాదము వేడి. కొండ వేడి కాదు, సముద్రపు వేడి. వేసవిలో నీరు తన మామూలు హెచ్చు కంటె ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారములు నిలిచిన చాలును; పగడము తన యింటిలోని నాచుకణములను వెళ్ళగొట్టి పాలిపోవును. అద్దె రాని యిల్లుగలవాని వలె ఆకలితో నుండి, నీరు త్వరగా చల్లబడనిచో చచ్చును. 1998లో, 2010లో, 2014 నుండి 2017 వరకు ప్రపంచమంతట ఇట్లు జరిగినది. 2023లో మొదలైన నాల్గవ తెలుపును శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిలులో ధ్రువపరచిరి. 2025 నాటికి లోకములోని పగడపు దిబ్బలలో నూటికి ఎనుబదికి మించినవి ఆ వేడిని చవిచూచినవి. లావా ఒక మూలను కాల్చి పొరుగును విడిచినది గనుకనే విత్తనము దొరకినది. సముద్రపు వేడి పొరుగును ఇంటిని ఒకేమారు పట్టుచున్నది. బాందాకు చుట్టునున్న లోతుల చల్లని నీరు కొంత పైకి వచ్చుచుండుట మేలు చేయునని తలచువారున్నారు. ఎంత కాలము చేయునో రాబోవు వేసవులే తేల్చవలెను.

మన దేశమున ఇట్టి స్థలము కావలెనన్న అండమానులోని బారెన్ దీవి యున్నది. దక్షిణాసియాలో నేటికిని రగులుచున్న అగ్నిపర్వతము అది యొక్కటియే. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరునకు ఈశాన్యముగా, ఇంచుమించు 140 కిలోమీటర్ల దూరమున, నిర్జనమై యున్నది. నూటయేబది యేండ్లకు మించి నిద్రించి 1991లో మేలుకొని, లావాను సముద్రమున విడిచెను. 1994లోను, 2005లోను, 2017లోను మరల రగిలెను. దాని నల్లరాతి అంచులలోను ముళ్ళపొదల వలె పగడములు పట్టినవి. పోర్ట్ బ్లెయిరులో తెలుగు మాట వినబడని వీధి తక్కువ. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి పోయి స్థిరపడిన మత్స్యకారుల కుటుంబములు అచ్చట అనేకము. వారి పిల్లలలో కొందరు నేడు స్కూబా పడవలపై పనిచేయుచు సిలిండరులు మోయుచున్నారు.

దిగదలచినవారు ముందు వైద్యుని చూడవలెను. ఉబ్బసము, గుండెజబ్బు, మూర్ఛ, చెవిలో చీము గలవారు ఆయన అనుమతి లేక దిగరాదు. జలుబు చేసిన దినమున ఆరోగ్యవంతుడును ఒడ్డుననే యుండవలెను. నాలుగైదు దినముల శిక్షణ పొందిన పిమ్మట 18 మీటర్ల వరకు, తోడుతో మాత్రమే, దిగుటకు యోగ్యతాపత్రము నిత్తురు. బాందాకు పోవువారు అంబోనునుండి పడవపై పోవచ్చును. రెండు ఋతుపవనముల నడుమ, అనగా మార్చి మొదలు మే వరకు, మరల సెప్టెంబరు మొదలు నవంబరు వరకు, సముద్రము ప్రశాంతముగా నుండును. తక్కిన నెలలలో పడవలే నడువని దినములుండును. అప్పుడు నైరాలో కూర్చుండి, ఎదుటి కొండను చూచుచు, జాజికాయ పండు తొనలతో అచ్చటివారు చేయు మిఠాయి తినుచు ఎదురుచూడవలెను.